సూర్యుడి మీద వేయలేని నింద

మొదట ఆ కబురు నాకు తెచ్చి చెప్పింది మా గల్లీలో నేతకు దారం కండెలు చుట్టే ఆపా. ఉర్దూలో ఆపా అంటే అక్క. నాకన్నా ఐదేళ్లు పెద్ద. మా ఎదురిల్లే ఆమెది. గద్వాలలో మా గల్లీ ఎంత ఇరుకంటే, ఎవరి గడప మీద వాళ్లం కూర్చుని గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. అయినా ఆ రోజు ఆపా తన గడప మీద నుంచి చెప్పలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, ఎండకు కాగిన బండల మీద నడిచి వచ్చి, బియ్యం ఏరుకుంటున్న నా ఒళ్లో ఫోను పెట్టింది.

"చెల్లె, జర ఇది సదువు. మా కోడలు పంపింది. పొద్దు గురించంట, గుండె గురించంట. ఒక్క ముక్క ఇడవకుంట సదువు."

ఆపా తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆమె ఒక్కతే కాదు, మా గల్లీలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చాలావరకు నా దగ్గరికే వస్తుంది. నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాదు. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. బడి దూరం, రోజూ ఎత్తుకుపోయేవాళ్లు లేరు. మా అన్న బడి నుంచి వచ్చాక, ఆ రోజు సారు ఏం చెప్పాడో అదంతా నాకు చెప్పేవాడు. మగ్గం గుంట అంచున కూర్చోబెట్టి నేల మీద సుద్దముక్కతో రాయించేవాడు. ఒక అక్షరం వంకర పోతే అరచేత్తో చెరిపి, "మల్ల రాయి, తొందరేం లేదు" అనేవాడు. ఏడో తరగతితో ఆయన బడి మానేశాడు కాబట్టి నా చదువూ ఏడో తరగతి దగ్గరే ఆగింది. ఆ తర్వాత దొరికిన కాగితమల్లా చదువుకుంటూ వచ్చాను. ఏదైనా చదివి అర్థమైనప్పుడల్లా దేవుడికీ అన్నకీ కలిపి ఒకే దండం పెట్టుకోవడం నాకు అలవాటు.

పొద్దంటే మా మాటల్లో సూర్యుడే. ఫోనులో ఉన్న సంగతి ఇది. సూర్యుడి మీద అప్పుడప్పుడు పెద్ద పేలుళ్ల లాంటివి జరుగుతాయట. అప్పుడు కంటికి కనబడని రేణువులు మహా వేగంతో భూమి వైపు వస్తాయట. భూమికున్న అయస్కాంత శక్తీ, మన మీద పరుచుకున్న గాలీ వాటిని చాలావరకు అడ్డుకుంటాయి. అయినా అలాంటి రోజుల్లో గుండెజబ్బుతో పోయేవాళ్లు కొంచెం ఎక్కువగా ఉంటున్నారేమోనని కొందరు శాస్త్రవేత్తలకు అనుమానం. ఎందుకలా అవుతుందో తేలలేదు, అసలు అవుతుందో లేదో కూడా గట్టిగా చెప్పలేమని చివర్లో రాశారు. ఆ చివరి మాట కూడా నేను చదివి వినిపించాను. ఆపా అది చెవిన పెట్టలేదు.

"ఇన్నవా చెల్లె, ఇన్నవా! నీ తప్పు గాదు. పొద్దు జేసిన పని అది. ఎన్మిది నెలల సంది సరిగ తినకుంట, పండకుంట సస్తున్నవ్. ఇగ ఇడిచిపెట్టు."

నా మణికట్టు పట్టుకుని ఊపేస్తోంది. ఒళ్లోని చేటలోంచి బియ్యం చెదిరి నేల మీద పడ్డాయి.

నా తప్పు అని ఆమె దేన్ని అందో చెప్పాలి.

మా అన్న నేతగాడు. వదిన పోయి ఆరేళ్లు. వాళ్లకు పిల్లలు లేరు, నాకు పెళ్లి కాలేదు. ఇంట్లో ఇద్దరమే. ఈ మధ్య చాలామంది గంజి పెట్టి ఉన్న పడుగులే తెచ్చుకుని మగ్గానికి ఎక్కిస్తున్నారు. అన్నకు అది నచ్చేది కాదు. "మన గంజి మన చేతుల మీదుగ పడితేనే దారం మాట ఇంటది" అనేవాడు. అందుకని పడుగు మార్చే రోజు వచ్చిందంటే మేం తెల్లారగట్ల లేచి, నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా సాచేవాళ్లం. ఒక చివర గోడకున్న కొక్కేనికి కట్టి ఉంటుంది. రెండో చివర తాడును నేలలో పాతిన గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి మనిషి పట్టుకోవాలి. తడిసిన పడుగు కాసేపు బిగుస్తుంది, కాసేపు సాగుతుంది. దాన్ని చూసుకుంటూ తాడు వదలాలి, లాగాలి. నడిచే పని లేదు కాబట్టి అది నాకు అప్పజెప్పాడు. అన్న కుంచెతో గంజి రాసుకుంటూ ఆ చివర నుంచి నా వైపు వచ్చేవాడు. గంజి పడ్డాక మధ్యలో ఆపడానికి లేదు. కుంచె తిరగని చోట దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎండ ముదిరేలోగా అయిపోవాలి.

ఆ రోజు ముప్పాతిక పడుగు అయింది. అన్న ఉన్నట్టుండి పక్కనున్న అరుగు మీద కూర్చున్నాడు.

"ఏందన్నా, కూసున్నవ్?" అన్నాను.

"జర ఆగు చెల్లె. రొమ్ముల పట్టేసినట్టుంది. గ్యాసు గావొచ్చు. రాత్రి పల్లీల చట్నీ ఎక్కువ తింటి."

"సోడా తెప్పిస్త తియ్. ఇంక మూడు బారలే ఉన్నది. కుంచె ఎండుతున్నది చూడు. అయిపోగొట్టి కూసో."

ఇవీ నేను అన్న మాటలు. ఒక్కటీ మార్చలేదు. బార అంటే రెండు చేతులూ చాపినంత పొడవు. అన్న లేచి ఆ మూడు బారలూ రాశాడు. లేవడానికి అరుగు అంచు పట్టుకున్నాడు. అదీ చూశాను. తాడు వదిలితే తడి పడుగంతా మట్టిలో పడుతుంది, ఇన్నాళ్ల పని మట్టిపాలవుతుంది, నా మనసులో ఉన్నది అదొక్కటే. నిజానికి గుంజకు ఇంకో రెండు చుట్లు తిప్పి ముడి వేస్తే పడుగు పడేది కాదు. కాస్త సడలేది, అంతే. నేను లేచి, కాలు ఈడ్చుకుంటూ అయినా ఆయన దగ్గరికి పోయి, ఆటోను పిలిచి ఉండొచ్చు. ఆ ముడి వేయడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఆ ఉదయం అది తోచలేదు.

మూడో బార అయ్యాక అన్న కుంచెను గిన్నెలో పెట్టాడు. నా వైపు చూసి "అయింది" అన్నాడు. అన్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

దవాఖానలో డాక్టరమ్మ, నొప్పి ఎప్పుడు మొదలైందని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె తిట్టలేదు. "జర ముందుగాల తెస్తే చూస్తుంటిమి" అని మాత్రం అంది. మంచి మనిషి. నా కాలు చూసి, అంత హడావిడిలోనూ నాకొక కుర్చీ తెప్పించింది. ఆ కుర్చీని తలుచుకుని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మేనత్త కూతుళ్లు "ఆయన గీత అంతేనే" అన్నారు. పన్నెండో రోజు భోజనాలయ్యాక ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు. వాళ్లకూ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. వచ్చినందుకే సంతోషం.

నేయకుండా మిగిలిపోయిన మా పడుగును పక్క గల్లీ నేతగాడు తీసుకుపోయి నేశాడు. గంజి చాలా బాగా పట్టిందని, చీర దిగేదాకా ఒక్క దారం తెగలేదని వచ్చి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు విని నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

మగ్గం ఆడే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఆ చప్పుడు ఆగిపోతే ఇంట్లో ఇంకేం వినబడతాయో నాకు అప్పటిదాకా తెలియదు. కుండ కింద నీటిబొట్టు పడటం వినబడుతుంది. వీధిలో ఎవరో దగ్గితే మన ఇంట్లోనే అనిపించి తల అటు మళ్లుతుంది. ఒక్కరికి ఎన్ని బియ్యం పొయ్యాలో చేతికి అందక చాలా రోజులు ఇద్దరికీ వండాను. మిగిలింది ఆపా వాళ్ల మేక తినేది. తినడానికి ఆ మేకైనా ఉన్నందుకు మేలు. ఒకసారి పాలాయన "ఏమ్మా, మంచిగున్నవా?" అని పలకరిస్తే "ఆఁ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అప్పుడు లెక్క వేసుకుంటే, మూడు రోజులుగా నేను నోరు తెరవలేదు.

ఆపా ఇదంతా ఎదురింట్లోంచి చూసిన మనిషి. అందుకే ఆ కబురు పట్టుకుని అలా వచ్చింది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ పూట నేను కడుపు నిండా తిన్నాను. పడుకుంటే నిద్ర కూడా పట్టింది. నేను కాదు, నేను కాదు అని లోపల ఎవరో జోకొడుతున్నట్టుంది.

మర్నాడు పొద్దున వచ్చింది చిక్కు. నాకు మంత్రాలు రావు. స్నానం చేసి, చెంబెడు నీళ్లు సూర్యుడి వైపు చూస్తూ వదిలి, "చల్లగా చూడు తండ్రీ" అనుకుంటాను. అమ్మ నేర్పిన అలవాటు. మైల రోజుల్లో తప్ప ఎన్నడూ మానలేదు. ఆ పొద్దున చెంబు ఎత్తాను గాని నీళ్లు వదలలేకపోయాను. నేను బయటపడాలంటే ఆయన మీద నింద వేయాలి. మనిషి మీద నింద వేస్తే మనిషి మారుమాట చెబుతాడు. ఆయన ఏం చెబుతాడు? రోజూ వచ్చినట్టే వచ్చి ఎదురింటి గోడ మీద నిలబడ్డాడు. నీళ్లు తులసి మొదట్లో పోసి లోపలికి వచ్చేశాను. అలా తొమ్మిది రోజులు చేశాను. తిన్న తిండి మళ్లీ సయించడం మానేసింది.

ఆ తొమ్మిదో రోజు ఒక ఆలోచన వచ్చింది. అన్న పోయిన రోజు సూర్యుడి మీద నిజంగా పేలుడు జరిగిందా? ఇంత తెలుసుకున్నవాళ్లు ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టుకోకుండా ఉంటారా? అన్నతో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడొకాయన పైచదువులు చదివి, వనపర్తిలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఆయన అడ్రసు అన్న పాత పుస్తకంలో ఉంది. ఆపాకు చెప్పాను. "పో, పోయి అడుగు. ఆయన గూడ గిదే చెప్తడు చూడు" అని బస్టాండు దాకా వచ్చి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

ఎర్రవల్లి దాటి పెద్ద రోడ్డెక్కాక బీచుపల్లి వచ్చింది. కృష్ణ మీది వంతెన దగ్గర బస్సులో చాలామంది చేతులు ఆంజనేయస్వామి గుడి వైపు జోడించారు. నేనూ జోడించాను. చిన్నతనంలో సూర్యుణ్ణి పండనుకుని మింగబోయిన ఆ స్వామే తర్వాత ఆయన దగ్గరే చదువుకున్నాడని అమ్మ చెప్పేది. "స్వామీ, ఆనాడు నీ గురువు ఏం చేశాడో నాకు తెలిసేటట్టు చెయ్యి" అని అడిగాను. నేను ఏ జవాబు కోరుకుంటున్నానో మాత్రం ఆయనకు చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు.

తలుపు తీసిన సారు మొదట నన్ను గుర్తుపట్టలేదు. ఎవరి చెల్లెలినో చెప్పాను.

"అరే, నువ్వా చెల్లె! గింత ఎండల, గా కాలుతోటి! ఒక్క ఫోను జేస్తే నేనే వద్దును గద. మావోడు పోయినట్టు నాకు నెల తర్వాత తెల్సింది. రాలేకపోతి."

సారు భార్య మజ్జిగ ఇచ్చింది. తాగి, వచ్చిన పని చెప్పాను. తారీఖు చెప్పాను. అంతటితో ఆగలేక తాడు సంగతీ, మూడు బారల సంగతీ కూడా చెప్పేశాను. సారు కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో పేజీలు తెరిచాడు. ఒకదాని దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"అయ్యుంటది చెల్లె," అన్నాడు, నా వైపు తిరగకుండానే. "రెండేండ్ల సంది పొద్దు మీద గడబిడ ఎక్కువనే ఉన్నది. అయ్యుంటది."

"ఆ రోజు ఉండెనా సారూ?"

"ఆ రోజంటే... ఆ ముందట, ఎన్క... గట్లనే ఏదో ఉండె."

వంటింటి గుమ్మంలో ఉన్న ఆయన భార్య ఊరుకోలేదు. "ఏంది ఆ నసుగుడు? పిల్లలు గిట్ల రాస్తే సున్నా పెట్టెటోనివి గద. ఉన్నదా, లేదా?"

"నువ్వు జర లోపటికి పో," అన్నాడు సారు.

అప్పుడు నేనన్నాను. "సారూ, మా అన్న నాకు ఒక్క అచ్చరం తప్పు చెప్పలె. మీరు ఆయన దోస్తు. మీరు గూడ చెప్పకుండ్రి."

సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తిరిగి పెట్టుకోకుండానే చెప్పాడు.

"ఆ వారమంత పొద్దు నిమ్మలంగ ఉన్నది చెల్లె. ఏం లేదు. పొద్దు మీద ఒక తుఫాను లేసింది గానీ, అప్పటికి మావోడు పోయి ఇరవై దినాలు."

తెర మీద ఒక గీత చూపించాడు. చుట్టూ ఉన్నది ఇంగ్లీషు, నాకు రాదు. గీత మాత్రం ఎగుడుదిగుడు లేకుండా పోయింది. అది నాకూ అర్థమైంది.

"ఇంకో మాట ఇను," అన్నాడు. "ఆ రోజు పెద్ద తుఫానే ఉన్నదనుకో, అప్పుడు గూడ నీకు జవాబు దొరకకపోతుండె. లచ్చల మందిని కలిపి చూస్తే ఎక్కువ తక్కువ కనబడ్తదేమో. ఒక్క మనిషిల అది కనబడదు. జాతర నాడు పిల్లలు ఎక్కువ తప్పిపోతరు. అట్లని తప్పిపోయిన ప్రతి పిల్లను జాతర్లనే ఎతుకుతమా?"

"మరి మా అన్న సంగతి ఏంది సారూ?"

"బీపీ గోలీలు ఏసుకుంటుండెనా?"

"దవాఖాన మొకమే చూడలె ఎన్నడు."

"గదే మరి." కళ్లజోడు పెట్టుకుని అన్నాడు: "అరగంట ముందు తీస్కపోతే బతుకుతుండెనా? బతుకుతుండెనేమో. బతకకపోతుండెనేమో. నాకు తెల్వదు. ఆ డాక్టరమ్మకు గూడ తెల్వదు. నువ్వు లేపకుంటే మంచిగుంటుండె, అది నిజం. నువ్వు లేపినవ్ గాబట్టే పోయిండని చెప్పనీకె మాత్రం నా తాన ఏం లేదు."

బస్టాండు దాకా నన్ను దింపి, బస్సు కదిలే వరకు కిటికీ కింద నిలబడ్డాడు. నిజం చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో చూశాను. దారి పొడవునా ఆయన మేలు కోరుకుంటూ వచ్చాను. బరువు దిగిందా అంటే, దిగలేదు. తొమ్మిది రోజులు ఎవరి తల మీదో పెట్టి వచ్చిన మూట తిరిగి నా తల మీదికి వచ్చింది.

దీపాల వేళకు గల్లీలోకి వస్తే ఆపా నా గడప మీదే కూర్చుని ఉంది.

"ఏమన్నడు?"

"ఆ రోజు పొద్దు నిమ్మలంగనే ఉండెనంట ఆపా."

"ఏం సారమ్మ ఆయన!" అంది ఆపా. "ఒక్క అబద్దం చెప్తే పించను బందు జేస్తరా ఆయనకు?"

నాకు నవ్వు వచ్చింది. నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"నేను గూడ ఆడనే ఉంటి గద చెల్లె. రాట్నం ముందల కూసోని చూస్తనే ఉంటి. అన్న కూసున్నడు గద, అప్పుడు మెల్లగ ఏమన్ననో ఎరుకేనా? 'ఏంది పెండ్లికొడుకా, పొద్దుగాలనే అరుగెక్కినవ్, మీ చెల్లె ఊకుంటదా' అంటి. ఆయన నవ్విండు. నవ్వి లేసిండు. నీ మాటకు లేసిండో, నా మాటకు లేసిండో, అల్లాకే తెల్సు."

ఆ కబురు నా కోసమే తెచ్చిందనుకున్నాను. వీధికి ఇటు నేనూ అటు ఆమే, ఎనిమిది నెలలుగా ఒకే మాటను చెరొక ఇంట్లో దాచుకుని కూర్చున్నాం. "ఇద్దరి మాటకు లేసిండేమో" అని మాత్రం అన్నాను. మసీదులో అజాన్ అయ్యే వరకు ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆమె నమాజుకు లేచింది. నేను దీపం పెట్టుకున్నాను.

మర్నాడు సూర్యుడికి నీళ్లు వదిలాను. "తప్పయింది తండ్రీ" అన్నాను. తొమ్మిది రోజుల నిందకు ఆయన అలిగినట్టు లేడు. గల్లీ అంతా ఎప్పటిలా వెలుగు పడింది.

ఇప్పుడు మా గల్లీలో ఎవరైనా రొమ్ములో పట్టేసిందన్నా, గ్యాసన్నా మేమిద్దరం ఊరుకోం. మొన్న ఒక నేతగాణ్ణి గంజి పని మధ్యలోంచి లాగి ఆటో ఎక్కించాం. తీరా చూస్తే అది నిజంగానే గ్యాసు. పడుగు సగం అంటుకుపోయింది. ఆయన భార్య వీధి మధ్య నిలబడి, "మీ ఇద్దరక్కలకు పని లేకుంటే రాండ్రి, మా ఇంట్ల జొన్నలున్నయ్, ఇసురుదురు!" అని తిట్టింది. ఇద్దరం తల వంచుకుని విన్నాం. పడుగు పాడైనందుకు బాధగానే ఉంది. కాని మర్నాడు ఆ మనిషి బీడీ కాల్చుకుంటూ మా ముందు నుంచే నడిచిపోతుంటే, ఎవరితోనైనా తిట్లు తినడం ఇంత బాగుంటుందా అనిపించింది.

సాయంత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కరికి ఎన్ని బియ్యం పొయ్యాలో నా చేతికి తెలిసిపోయింది. అది తెలిసిన రోజు, తెలియని రోజుల కంటే ఎక్కువ ఏడ్చాను.

చదివినవాళ్లను ఒక్కటి అడుగుతాను. నన్ను క్షమించమని కాదు, అది మీ చేతుల్లో లేదు. గద్వాలలో మా అన్న అని ఒక నేతగాడు ఉండేవాడు. ఒంట్లో బాగాలేక కూర్చుని కూడా, చెల్లెలు పిలిస్తే కాదనలేక లేచాడు. నేను పోయాక ఆయనను తలుచుకోవడానికి మా ఇంట్లో ఇంకెవరూ ఉండరు. మీరు ఒక్కసారి తలుచుకోండి.